పట్టా కింది చక్రం

భార్య చావుకి ఆమె తమ్ముడే కారణం. భర్త మనసులో అది ఎప్పుడో తేలిపోయిన సంగతి. పోటీపడే రెండు ఖరీదైన కార్ల కంపెనీలు ఇవాళ తమ డ్రైవర్లైన ఆ బావాబావమరుదులను ఒకే పందెం గీత మీద, పక్కపక్క కార్లలో కూర్చోబెట్టాయి.

"మీ బండి వేగం అందుకునేలోపు మాది మలుపు తిరిగేస్తుంది బావా."

"నెల కిందట ఈ వేగం ఏమైందిరా? మీ అక్క గుండె పట్టుకుని కూలబడిందని ఫోన్ చేశానే!"

"నా దగ్గరున్నది షోరూం బండి. సీటు పాడైతే ఉద్యోగం ఊడుతుందని భయపడ్డాను. తప్పు నాదే."

"ముమ్మాటికీ నీదే."

"మరి అక్కని బయటికి తెస్తుంటే, మీ వాకిట్లో కప్పిన పట్టా కింద ఈ బండి చక్రమే కనపడిందేం?"

ఆయన గొంతు తగ్గించాడు.

"మీవాళ్ళు ముందే ఫోటోలు తీస్తారని మా కంపెనీవాళ్ళు ఈ కొత్త బండిని మా ఇంట్లో దాచారు. మొదటి పరుగు విలేకరుల ముందే ఉండాలన్నారు. అంబులెన్సు వచ్చేస్తుందనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నాను బావా. దిగిపోదామా?"

"ఎక్కడికి? వెనక మేనేజర్లు, ముందు కెమెరాలు."

జెండా పైకి లేచింది.

"అద్దం ఎత్తుకో. ఇక చచ్చేదాకా నేనీ మాట ఎత్తను. నువ్వూ ఎత్తకు."