ఎర్ర ట్రేలో మేజోళ్ళు

ఆస్ట్రేలియా నట్టనడుమ ఎర్రమట్టి మైదానం, పశువుల ఫారం, వంటగది. టపా విమానం వచ్చే రోజు. కోడలు బ్రాన్విన్, మామగారు క్లారీ. బ్రాన్విన్ కూతురు టిల్లీ లోపలెక్కడో ఉంది.

"ఎర్ర ట్రేలో ఈ మేజోళ్ళేంటి మామయ్యా? ఈ పళ్ళ బ్రష్షేంటి?"

"నన్నడుగుతావేం? ట్రేలు నీవి, రంగులు నీవి. నేను గొడ్లు కాసుకునేవాణ్ణి."

"పొద్దున ఇటు ఎవరొచ్చారు?"

"నేనొచ్చా, టీ కోసం. నీ ట్రేలకి తట్టుకుని పడబోయా కూడా. ఎర్రది, పచ్చది, నీలంది... ఇది ఇల్లా, సిగ్నల్ లైటా? వంద మైళ్ళ దూరంలో ఇంకో బండి లేదు, లైట్లు మాత్రం ఉన్నాయ్!"

"ఎగతాళి తర్వాత. టిల్లీ ఇంట్లో రాసిన పేపర్లు, ఈ టర్మువన్నీ, ఇవాళ విమానంలో బడికి పోవాలి, ఒక్కటీ కనపడట్లేదు. ఎర్ర ట్రే అంటే పోవాల్సినవి. పచ్చది అంటే ఇక్కడే ఉండాల్సినవి. నీలం..."

"నీలం అంటే ఇంకా తేలనివి. తెలుసులే! రోజూ పారాయణమేగా. కుక్కకి కూడా వచ్చేసింది."

"కుక్కకి వచ్చింది, మీకే రాలేదు."

"అబ్బో!"

"పోయిన టర్ము వానకి రన్‌వే బురదయ్యి విమానమే దిగలేదు. ఈసారీ పేపర్లు అందకపోతే? కంప్యూటర్లో పాఠాలు చెప్పే టీచరమ్మ ఏమందో విన్నారుగా! ఇంట్లో చదువు సాగట్లేదు, పిల్లని సముద్రం ఒడ్డున హాస్టల్లో వెయ్యండి అంది."

"విన్నా. ఆ రోజు నీ మొహంలో నెత్తురు చుక్క లేదు."

"నా పిల్లని నేను పంపను మామయ్యా. పంపను."

"పంపకు. నేను పంపమన్నానా? ఈ ట్రేలే వద్దంటున్నా. మా అమ్మ మా ఐదుగురికీ చదువు చెప్పింది. ఒకటే గరిటె. మేం పుస్తకం తియ్యకపోతే తను గరిటె తీసేది. అంతే పద్ధతి!"

"చదివి మీరేం వెలగబెట్టారో?"

"...మూడో క్లాసు దాటా."

"ఆహా! గరిటె అరిగిపోయుంటుంది."

"సరే, సరే. సీసాతో పాలు తాగే ఆ దూడని అడుగు. వరండాలోనే తిరుగుతుందిగా. మొన్న నా టోపీ నమిలేసింది."

"దూడ పేపర్లు తినేసి, బదులుగా మేజోళ్ళు పెట్టి పోయిందా? జతకి జత ఉండ చుట్టి మరీ?"

"ఉండ చుట్టి ఉన్నాయా? అయితే దూడ కాదు. దానికి అంత పద్ధతి లేదు."

"మామయ్యా, నిజం చెప్పండి. ఆ పేపర్లతో పొయ్యి అంటించారా?"

"నేనా? నేనా! మనవరాలి రాతలు పొయ్యిలో పెడతానా? ఎంత మాటన్నావ్!"

"మరి అటు చూస్తారేం?"

"విమానం మోత. వినపడట్లా?"

"అయ్యో, వచ్చేసింది! టిల్లీ! ఏయ్ టిల్లీ! పేపర్లేవే?"

"ఉన్నాయిగా అమ్మా. పచ్చ ట్రేలో."

"పచ్చ ట్రేలోనా! హమ్మయ్య, బతికించావ్. మామయ్యా, తియ్యండి, తియ్యండి..."

"ఇవిగో, అన్నీ ఉన్నాయ్. హహ్హా! ఏడాదంతా రంగులు రంగులని నూరిపోశావ్, చివరికి పిల్లకి ఎరుపేదో పచ్చేదో తెలీలేదు! నే చెప్పలా? గరిటె, గరిటె!"

"తప్పు ట్రేలో వేశావే తల్లీ."

"తప్పు కాదమ్మా. నువ్వు చెప్పినట్టే సర్దా. ఇక్కడే ఉండాల్సినవి పచ్చలో. పోవాల్సినవి ఎర్రలో."

"అదేనే, పేపర్లు పోవాలిగా! నీ మేజోళ్ళు ఎక్కడికి పోతా..."

"కోడలా. ఆగు. పిల్ల మొహం చూడు."

"హాస్టల్లో అన్నం తినేటప్పుడు పక్కనే ఒకమ్మాయి కూర్చుంటుందంట తాతా. కంప్యూటర్లో కాదు. పక్కనే."

"టిల్లీ... ఇది... ఇది ఇంకా తేలని సంగతమ్మా."

"లేదమ్మా. నీలం ట్రే చూడు, ఖాళీ."