దగ్గు పాట

ముందు ఆ ఫోను బోర్లా పెట్టమ్మా. ఏం లేదు, నాకు అలవాటు. ఆ ఎర్ర చుక్కేంటి, రికార్డింగా? ఆపెయ్. ఆపేశావా? సరే, కూర్చో. మీ తాత గురించి అడుగుదామని వచ్చానంటావు, మరి నిన్నెవరు పంపారు? ఎవరూ పంపలేదా? ఆఁ, అందరూ అలాగే అంటార్లే. ముక్కు మాత్రం వాడిదే, అచ్చు గుద్దినట్టు.

మేం నలుగురం. మీ తాత గిటారు వాయిస్తూ పాడేవాడు, పాటలు కట్టేదీ వాడే. నేను బేస్ గిటారు. డ్రమ్ముల మీద ఉన్నోణ్ణి పిడుగు అనేవాళ్ళం, మనిషి మాత్రం పిల్లి కంటే మెత్తన. కీబోర్డు మీద బట్టల కొట్టాయన కొడుకు. టైర్లకి రబ్బరు అతికించే షెడ్డు వెనక గదిలో మా ప్రాక్టీసు. ఇంటికెళ్తే మా అమ్మ "ఆ కంపు బట్టలు బయటే విప్పు" అనేది. అప్పట్లో మా పాటలంటే వాన, వెన్నెల, నీ కళ్ళు, మళ్ళీ వాన. నవ్వకు! ఆ ట్యూన్లు బస్సు కండక్టర్లు టిక్కెట్లు చింపుతూ కూనిరాగం తీసేవాళ్ళు తెలుసా? హాలు కిటకిటలాడేది.

తర్వాత నూలు మిల్లు మూసేశారు. మీ తాత వాళ్ళ నాన్న అందులోనే ముప్ఫై ఏళ్ళు చేశాడు, ఊపిరితిత్తుల నిండా దూదే. ఓ రోజు మీ తాత వచ్చి, కొత్త పాట అన్నాడు. "మా నాన్న దగ్గితే గోడ అవతలి యజమాని నిద్ర చెడదెందుకు" అని పల్లవి. పిడుగు అయితే, "దగ్గుకి సిరప్పుంటుంది గానీ పాటుంటుందేంట్రా" అన్నాడు. నేనూ నవ్వాను. కానీ హాల్లో పాడితే ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టలేదంటే, కొట్టడానికి చేతులు రాలేదు. ముందు వరసలో ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఇక అక్కణ్ణుంచి వాన లేదు, వెన్నెల లేదు. ఎవడు తాళం వేశాడు, ఎవడు సంతకం పెట్టాడు, మా ఇంట్లో అన్నం ఎందుకు తగ్గింది, అన్నీ ఆ తియ్యటి ట్యూన్లలోనే. అదే వాళ్ళకి కంట్లో నలుసయింది.

వాళ్ళంటే ఎవరా? పర్మిషన్ల ఆఫీసు వాళ్ళమ్మా. సభ పెట్టాలంటే వాళ్ళ కాయితం కావాలి. విచిత్రమేంటంటే, ఇంకా పాడని పాట కూడా వాళ్ళకి తెలిసిపోయేది! "రెండో చరణం తీసెయ్యండి" అనేవాడు ఆ అధికారి, పళ్ళు కుట్టుకుంటూ. ఆ చరణం రాసి మూడు రోజులైనా కాలేదు, గది దాటి పోలేదు. మరి ఎలా తెలిసింది? ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టేద్దామనుకున్నాను. చూస్తే మీ తాత ప్రతి మంగళవారం మధ్యాహ్నం మాయం. ఓసారి నలుగురినీ ఆఫీసుకి పిలిచారు, మమ్మల్ని సాయంత్రం దాకా బల్ల మీద కూర్చోబెట్టారు, వాణ్ణి అరగంటలో పంపేశారు. ఇంకేం కావాలి? పాటలు రాసేదీ వాడే, వాళ్ళకి అందించేదీ వాడే అన్నాను. అవును, నేనే అన్నాను. "అడుగుదాంరా" అన్నాడు పిడుగు. అడిగితే మాత్రం నిజం చెప్తాడా అన్నాను.

వాడి ముందే ముగ్గురం చేతులెత్తాం, వాడిక మాకొద్దని. వాడు గిటారు సంచిలో పెట్టుకున్నాడు, జిప్పు పట్టేసింది, లాగీ లాగీ వదిలేశాడు. గుమ్మం దగ్గర, "మంగళవారం ఎక్కడికెళ్తున్నావని ఒక్కడూ అడగలేదే" అన్నాడు. అంతే. మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. నీకు తెలుసుగా, ఇంకో ఊరు పోయి పిల్లలకి గిటారు నేర్పుకుంటూ అక్కడే చనిపోయాడు. వాళ్ళ నాన్న పోయినప్పుడు ఆస్పత్రి ఆయా చెప్పింది, మంగళవారం మంగళవారం కొడుకు ఆయన్ని భుజాన వేసుకుని ఆక్సిజన్ పెట్టించడానికి తెచ్చేవాడట.

మరి అందించిందెవరంటావా? ఉండు, చెప్తున్నాగా. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని పాటలకి కాపీలు తీసే పని నాది. నలుగురికీ నాలుగు, మధ్యలో కార్బన్ కాయితాలు పెట్టి. అక్షరం ముద్దగా పడితే నాకు గిట్టదు, పాట పాటకీ కొత్త కార్బన్లు. మా అక్క మొగుడు ఆ ఆఫీసులోనే టైపిస్టు. ఆదివారం భోజనానికి వచ్చినప్పుడల్లా, "ఏరా బావమరిదీ, వాడేసిన కార్బన్లు పారెయ్యకు, మా ఆఫీసులో కరువు" అనేవాడు. పాపం అని కట్టగట్టి ఇచ్చేవాణ్ణి. మీ తాత చనిపోయిన ఏడాదికి మా అక్కవాళ్ళు ఇల్లు మారుతుంటే సాయానికి వెళ్ళాను. పెట్టె అడుగున ఓ కార్బను. కిటికీ వెలుతురుకి పెట్టి చూశాను. దగ్గు పాట. అక్షరం అక్షరం, నా చేతి ముత్యాలు.

బావనా? లేదమ్మా, అడగలేదు. అడిగితే నిజం చెప్పేస్తాడేమోనని భయం. పిడుక్కీ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు, నీకే. ఏదీ, ఆ ఫోను ఇటు తిప్పు. చుక్క అలాగే ఉందే! ఆపానన్నావు? ... వద్దు, ముట్టుకోకు. చెరపకు. ఉండనీ.

ఆ కిటికీ రెక్క కాస్త వెయ్యమ్మా, కంట్లో దుమ్ము పడుతోంది.