ముందు వరసలో హారతి

ప్రచారం జీపు మలుపు తిరిగేలోగా చేతిలోని హారతి పళ్లెంలో ఈ కర్పూరం ఆరిపోతే బాగుండును, అప్పుడు తను ఔనన్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు అనుకుంటోంది కామేశ్వరి. గోపాలపట్నం సందులో ఆమెను నిలబెట్టిన త్రినాథరావు, చనిపోయిన భర్తకు స్నేహితుడు, ఇప్పుడు పార్టీ మనిషి.

“వదినా, బొట్టు పెట్టుకోలేదేటి?”

“మీ అన్న పోయి ఏడాదైనా కాలేదు త్రినాథా.”

“ఈ పూటకి పెట్టుకో. కేండేటుకి శకునాల పట్టింపెక్కువ. బోడి నుదురు ఎదురైతే జీపు దిగడు.”

జీపు మలుపు తిరిగింది. “కేండేటు పక్కనున్నదెవరు?”

“తెలీనట్టడుగుతావేటి? యార్డు ఓనరు. ఎలక్షను ఖర్చంతా ఆయనదే.”

“మీ అన్న మీద క్రేను పడింది ఆ యార్డులోనే.”

“అందుకే కదా నిన్ను ముందు నిలబెట్టాను! నువ్వే హారతిచ్చినట్టు వీడియో వత్తే ఇంకెవడూ నోరెత్తడు. గెలిచాక నష్టపరిహారం ఇప్పిత్తారు.”

“ఓడిపోతే?”

“ఓడిపోతే మా అన్న సచ్చాడని ఎవడికి గుర్తుంటాది వదినా?”

అతని జేబులో బొట్టుబిళ్ల సిద్ధంగానే ఉంది. ఆమె తీసుకుని పెట్టుకుంది.

జీపు ఆగింది. ఇద్దరూ దిగి, దండలు సర్దుకుని, కెమెరా వైపు నవ్వుతూ హారతికి తలలు వంచారు.

కామేశ్వరి కెమెరా ముందే నుదుటి మీది బిళ్ల పీకేసి, ఇంకా వెలుగుతున్న పళ్లెం వాళ్ల ముఖాల దాకా ఎత్తింది.