ఇల్లటం పత్రం

ఆళ్లగడ్డకు ఆరు మైళ్ల దూరంలో ఒక పల్లె. ఆదివారం మధ్యాహ్నం. కందుల వారి వసారాలో మంచం మీద జేజినాయన ఓబులేసు, ఎదురుగా మనవరాలు సుష్మ. జేజి రాములమ్మ వంటింట్లో ఉంది.

"కుదరదంటే కుదరదు మే. ఎన్ని తూర్లు చెప్పాల?"

"కాగితం చూడకుండానే కుదరదంటే ఎట్ల జేజినాయనా?"

"చూసేకి ఏముంది ఆడ? నువ్వు కందుల సుష్మ. వాడు కందుల హరినాథ్. ఇంటిపేరు ఒకటే. వాడు నీకు అన్నయితాడు. అన్నను చేసుకుంటానంటే నేను అక్షింతలు వేయల్నా?"

"ఏం అన్న? వాళ్లది ఆ ఊరు, మనది ఈ ఊరు. పెండ్లికీ సావుకీ కూడా పోము, రారు."

"పోకున్నా రాకున్నా దాయాది దాయాదే. కందులోళ్లు ఇద్దరు అన్నదమ్ములు. పెద్దోబన్న, చిన్నోబన్న. పెద్దోబన్న వంశం వాళ్లు, చిన్నోబన్న వంశం మనం. ఈ చుట్టుపక్కల పది ఊర్లల్లో యాడ పెండ్లి కుదరాలన్నా వావి చూసేది నేను. నాకే వరసలు చెప్తాండావా నువ్వు?"

"నువ్వు చూస్తావు గాబట్టే నీకు చెప్తాండా. హరినాథ్ వాళ్ల నాయన ఏమన్నాడో తెల్సు గదా. 'ఓబులేసు చిన్నాయన వరస కుదుర్తాదంటే నాకు సమ్మతం. ఈ పొద్దు సాయంత్రం లోపల చెప్పకుంటే మావోనికి వచ్చిన ఆత్మకూరు సంబంధానికి మాటిస్తా' అన్నాడు."

"ఇయ్యనీ. ఆత్మకూరోళ్లు మంచోళ్లే."

"జేజినాయనా."

"ఏందీ?"

"నాకు హరినాథ్ కావాల. ఇంకొకర్ని చేసుకోను. ఊరికే చెప్పే మాట కాదు ఇది."

"నీ కన్నా గట్టిగా చెప్పింది మన ఊరి గోదా. ఏమాయె? మూడేండ్ల కింద ఆ పిల్ల సంబంధం నేనే వద్దన్నా. ఇప్పుడు బనగానపల్లెలో ఇద్దరు పిల్లోళ్లను ఎత్తుకోని సుఖంగా ఉంది."

"గోదా పెండ్లి ఎందుకు ఆపితివి?"

"ముత్తాతలు అన్నదమ్ములు గాబట్టి. ఏడు తరాల దాంకా రక్తం ఒకటే. మన పెద్దోళ్లు పెట్టిన కట్టుబాటు, నేను పెట్టింది కాదు."

"రక్తం గదా నువ్వు చూసేది? ఇంటిపేరు కాదు గదా?"

"రెండూ ఒకటే."

"ఒకటి కాకుంటే?"

"కాకుండా యాడ పోతాది?"

"అదే చదువుతా. మూడు నెలల్నుంచి నంద్యాల రిజిస్టర్ ఆఫీసు చుట్టూ తిరుగుతాండా. డ్యూటీ అయిపోతానే ఆడికే పోతా. కందుల, కందుల అని ఎతికి ఎతికి కండ్లు పోయినాయి. ఒక్కటీ దొరకల్యా."

"దొరకదు. మా తాతలు నోటి మాట మీద బతికినోళ్లు."

"అప్పుడు ఖాదర్ బాషా అని, ఆడ చెట్టు కింద పత్రాలు రాసే పెద్దాయప్ప చెప్పినాడు. 'మనిషి పేరు మీద కాదు పాపా, మీ చేను పేరు మీద ఎతుకు' అని. మన గుర్రాల చేను పేరు చెప్పినా. రెండు దినాలకు దొరికింది. ఆ గొలుసుకట్టు రాత నాకు అర్థం కాకుంటే ఆయప్పే కూర్చోని తిరగ రాసిచ్చినాడు."

"సరే. చదువు. చదివినంత మాత్రాన వరస మారదు."

"'1881వ సంవత్సరం జూలై నెల 9వ తేదీ. కందుల చిన్నోబన్న గారికి గజ్జెల నాగన్న రాసి ఇచ్చిన ఇల్లటం ఒప్పుకోలు పత్రం...'"

"ఆగు. ఇల్లటమా?"

"ఇల్లటమే. 'గడిచిన కరువులో మీ కొడుకులు ఇద్దరూ కాలం చేసినందున, మీకు సేద్యం చేసే మగదిక్కు లేనందున...'"

"చిన్నోబన్నకు కొడుకు ఉన్నాడు. ఆ కొడుకే రంగన్న. రంగన్న మనవడు మా నాయన."

"విను. '...నా తమ్ముడు రంగన్నను మీకు ఇల్లటం ఇచ్చినాను. మీ కుమార్తె ఎల్లమ్మను అతనికి ఇచ్చి వివాహం చేసి, గుర్రాల చేను అతనితో సేద్యం చేయించుకోవలసినది. మీ తదనంతరం ఇల్లు, చేను అతనికి చెందవలసినది. అతడు, అతని సంతానం మీ ఇంటిపేరుతోనే ఉండవలసినది.' అయిపాయె. కింద నాగన్న నిశాని గుర్తు."

"అయితే రంగన్న ఎవరు?"

"రంగన్న కొడుకు కాదు జేజినాయనా. అల్లుడు. కరువులో కొడుకులు సచ్చిపోతే సేద్యానికి తెచ్చి పెట్టుకున్న అల్లుడు."

"నేను ఇల్లటపోని వంశమా?"

"అయితే ఏమాయె? గుర్రాల చేను నిలబెట్టింది ఆయనే గదా."

"ఏమాయె అంటావా. పోయిన పండక్కి రచ్చకట్ట మీద ఆ ఎదురింటాయన్ను 'ఇల్లటం వచ్చినోనివి, నీకెందుకప్పా ఊరి పంచాయితీ' అన్నా నేను."

"అది నువ్వూ ఆయనా చూసుకోండి. నా సంగతి చెప్పు. హరినాథోళ్లు కొడుకు వంశం. మనం కూతురి వంశం. అప్పుడు వరస ఏమయితాది? నువ్వే చెప్పు, నువ్వు చూస్తావు గదా వావి."

"రక్తం వేరే అయితే..."

"అయితే?"

"అత్త కొడుకు, మామ కొడుకు. వాళ్ల బిడ్డలు... ఆ పైన వీళ్లు... రెండు పక్కలా తరాలు సరిగ్గా వస్తే..."

"వస్తాయి. రాసుకొచ్చినా. ఇటు ఆరు, అటు ఆరు."

"బావయితాడు."

"మళ్లీ చెప్పు."

"బావయితాడు అంటి గదా. చెవుడా?"

"చెవుడు కాదు. మూడు నెల్లు తిరిగినా, ఆ ఒక్క మాట కోసం. ఉండు, వాళ్ల నాయనకు ఫోన్ చేసిస్తా. నీ నోటితోనే చెప్పు."

"నిదానం. ఫోన్ పెట్టు. ఆ నాగన్నది ఏ ఊరని ఉంది?"

"కొలిమిగుండ్ల తట్టు. నరుగులోళ్ల పల్లె అని రాసినారు. ఎందుకూ?"

"ఏం లే."

"ఏం లే అంటూ మొగం అట్ల పెట్టినావేంది?"

"ఇంటిపేరు ఇంకో తూరి చదువు."

"గజ్జెల. గజ్జెల నాగన్న. తమ్ముడు గజ్జెల రంగన్న."

"గజ్జెలోళ్లు ఆ తట్టు శానామంది ఉంటారు."

"ఆ ఊర్లో ఒకటే ఇల్లంట. ఖాదర్ బాషా తాత కనుక్కోని చెప్పినాడు."

"ఆయన ఎవరు కనుక్కునేకి? అన్నీ ఆయనకే కావాల. గొంతు తగ్గించు."

"ఎందుకు?"

"మీ జేజి లోపలుంది."

"ఉంటే?"

"ఉంటే ఏమీ లే. తగ్గించు."

"జేజినాయనా, జేజిది యా ఊరు?"

"ఈ ఊరే."

"పుట్టింటి ఊరు."

"పెండ్లయినాక మొగుని ఊరే ఊరు."

"ఇంటిపేరు?"

"కందుల రాములమ్మ. రేషన్ కార్డు చూసుకో."

"పెండ్లికి ముందర?"

"యాభై మూడేండ్లాయె. ఎవరికి గ్యాపకం?"

"పది ఊర్ల వావి గ్యాపకం ఉంటాది, పెండ్లాం పుట్టింటి పేరు గ్యాపకం ఉండదా? గజ్జెలనా?"

"నీళ్లు తేపో."

"గజ్జెలనే. నేనెప్పుడూ అడగనే లేదు చూడు. నాగన్న జేజికి ఏమయితాడు?"

"వాళ్ల నాయనకు జేజినాయన."

"రంగన్న నీకు?"

"మా నాయనకు జేజినాయన."

"నాగన్న, రంగన్న తోడబుట్టినోళ్లు."

"లెక్క నాకొచ్చు."

"అంటే జేజి నీకు..."

"అనొద్దు."

"చెల్లె..."

"అనొద్దంటి గదా మే. దీపం పెట్టే ఇంట్లో అట్లాంటి మాటలేంది?"

"ముత్తాతలు అన్నదమ్ములు. గోదాకు నువ్వు చెప్పింది ఇదే."

"గోదా సంగతి వేరే."

"ఎట్ల వేరే?"

"అది పెండ్లికి ముందర తెలిసింది. ఆ కాగితం ఇట్లా ఇయ్యి."

"ఎందుకు?"

"చించేకి."

"ఇది జెరాక్సు. అసలుది నంద్యాల్లో బీరువాలో ఉంది."

"అయితే ఆ కాగితం అబద్ధం. ఎవడో గిట్టనోడు రాసి పెట్టినాడు."

"నూటా నలభై ఏండ్ల కిందట, నీకు గిట్టనోడా?"

"ఉంటారు."

"జేజినాయనా, సరిగ్గా ఆలోచించు. కాగితం నిజమైతే హరినాథ్ నాకు బావ, జేజి నీకు వరస కాదు. అబద్ధమైతే జేజి నీకు పెండ్లాం, హరినాథ్ నాకు అన్న. ఏదో ఒకటే. నువ్వే తేల్చు."

"అబద్ధం."

"నా మొగం చూసి చెప్పు."

"నీ మొగం చూస్తే చెప్పలేను గాబట్టే గోడ చూసి చెప్తాండా. నాకు డెబ్బై అయిదు. ఇప్పుడు పోయి ఆయమ్మకు ఏమని చెప్పల్ల? ఇన్నేండ్లు కాపురం చేసినాం, నలుగురు బిడ్డలను కన్నాం, నువ్వు నాకు వరస కాదంట అని చెప్పల్నా? పూజ చేసుకునే మనిషి. పొద్దన్నే లేచి అహోబిలం కొండ తట్టు తిరిగి దండం పెట్టేది. మనసు ఇరిగిపోతాది. తిండి మానేస్తాది. ఆయమ్మ తినకుంటే నేను తినలేను, తెల్సా నీకు?"

"తెల్సు."

"నాకు భయమయితాంది సుష్మా. నువ్వు బాధపడేది నాకు ఇష్టమనుకున్యావా? పుట్టినప్పుడు నిన్ను మొదట ఎత్తుకున్యది నేను."

"ఏడ్వొద్దు జేజినాయనా."

"ఏడుస్తాండానా? కండ్లల్లో ఏమో పడింది."

"సరేలే. ఈ కాగితం నేను చూడలేదు. నువ్వు వినలేదు. హరినాథ్ వాళ్ల నాయనకు వరస కుదర్లేదని చెప్పేస్తా. జేజి మనసు ఇరగ్గొట్టి నేను పెండ్లి చేసుకొని ఏం సుఖపడతా?"

"ఆత్మకూరోళ్లకు..."

"ఆత్మకూరోళ్ల సంగతి ఎత్తితే ఈడ్నుంచి పోతా."

"ఎత్తను."

"ఎవరికి కుదర్లేదని చెప్తాండావు పాపా?"

"ఏం లే జేజీ. నువ్వు లోపలికి పో. మేమేదో చేను సంగతి మాట్లాడుకుంటాండాం."

"చేను సంగతికి మీ జేజినాయన కండ్లెందుకు తుడుచుకుంటాండాడు? యోవ్, ఈ మజ్జిగ తాగు. తాగి ఆ హరినాథ్ వాళ్ల నాయనకు ఫోన్ చెయ్. వరస కుదిరింది, పిల్లనిస్తామని చెప్పు."

"నీకు తెలీదులే. నువ్వు ఊరకుండు."

"తెల్సు."

"ఏం తెల్సు? ఈ కాగితంలో ఏముందో తెల్సా నీకు?"

"కాగితం ఉందని తెలీదు. గజ్జెల రంగన్న ఈ ఇంటికి ఇల్లటం వచ్చినాడని తెల్సు."

"జేజీ, ఎప్పట్నుంచి తెల్సు?"

"మీ జేజినాయన నన్ను చూసేకి వచ్చినప్పట్నుంచి. తెల్లచొక్కా ఏసుకోని, తల ఎత్తకుండా, పెట్టిన బొరుగులన్నీ తినేసి పోయినాడు. ఆ సాయంత్రం మా అవ్వ నన్ను దొడ్లోకి పిలిచి చెప్పింది. 'ఆ పిల్లోడు మన రంగన్న వంశంలోనోడే. నీకు అన్నయితాడు. వద్దని చెప్పేస్తాం' అని."

"మరి చెప్పలేదేంది?"

"నేనే చెప్పనియ్యలా. నరసింహస్వామి మీద ఒట్టు పెట్టించుకున్నా. అవ్వ పోయేదాంకా నోరు తెరవలా."

"అవ్వ సరే. యాభై మూడేండ్లు నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు వరస కుదరదని నన్ను ఇడిసి పోతావు గదా. నాకేమో నువ్వే కావాలనిపిచ్చె."