ఏ యారో!

కొత్తవాడలో జంపఖానాల దుకాణం. ఎండకు షట్టర్ సగం దించి, దుకాణం చూసుకునే చిన్నమ్మ, ఆమె అక్క కూతురు ఫోను ముందు కూర్చున్నారు. నిరుడు ఇక్కడ నేత నేర్చుకుని పోయిన చెక్ దేశపు హానా కాసేపట్లో వీడియో కాల్ చేస్తుంది.

"మొన్న హానా తెలుగుల ఎంత మంచిగ మాట్లాడిందే! నేనేమొ ఊకె నవ్వుకుంట కూసున్న. ఇయ్యాల నేను గూడ ఆమె భాషల మాట్లాడాలె. నువ్వు యాప్‌ల నేర్చుకున్నవు కద, జర చెప్పు."

"'యే హోర్కో' అను చిన్నమ్మా. యే అంటే ఉన్నదని, హోర్కో అంటే వేడి."

"యే హోర్కో. వాన పడుతాందనాలంటే?"

"ప్రషీ."

"ఎండకాలాన్ని ఏమంటరు?"

"లేతో."

"గీ మండే ఎండలకు లేత అని పేరా? ముదురు అనాలె!"

"నవ్వియ్యకు. వసంతాన్నేమొ యారో అంటరు."

"యారో? మీ చిన్నాయిన దోస్తులను పిలిచినట్టే ఉన్నది!"

"గదొక్కటి అనకు. మనకు వసంతం ఎప్పుడో పోయింది. అగో, ఫోన్ మోగుతాంది. యే హోర్కో, మర్చిపోకు!"

"హానా! ఏ యారో!"

"అయ్యో చిన్నమ్మా, వసంతం వచ్చిందన్నవు!"

"నేను కాలం సంగతి చెప్పలేదే, నా దోస్తును పిలిచిన. అరే, ఆమె ఫోన్ కిటికీ దిక్కు తిప్పుతాందేంది? అబ్బ, చెట్టు నిండ తెల్లపూలే!"

"ఆళ్లకు వసంతం ఇప్పుడే వచ్చిందట. నీకెట్ల తెలిసిందని ఆమె భాషలనే అడుగుతాంది."

"దోస్తు సంగతి దోస్తుకు తెల్వదా, హానా!"