గుట్ట ఎక్కని ట్యాంకు

గోదావరిఖని కంపెనీ క్వార్టరులో, ఆదివారం మధ్యాహ్నం. డంపర్ డ్రైవరుగా రిటైరైన సారయ్య, ఆయన కోడలు వనిత చెరో ఫోనులో ఒకే జట్టుగా ట్యాంకుల ఆట ఆడుతున్నారు. అవతలి జట్టులో, కాగజ్‌నగర్ నుంచి, వనిత తమ్ముడు సిద్ధు ఉన్నాడు.

"మామా, జల్ది గుట్ట ఎక్కుండ్రి! మా సిద్ధు వస్తుండు."

"ఎక్కుతలేదు బిడ్డా. ఉత్తగ మూలుగుతుంది."

"నిన్ననే కదా గంత పెద్ద ట్యాంకు కొన్నరు?"

"కొన్న. దానికి పెద్ద గన్ను గూడ పెట్టించిన."

"మరి ఇంజనో?"

"గది మార్చలే. ఉన్న నాణేలన్ని గన్నుకే అయినయి."

"మన చిన్న ట్యాంకు తియ్యకపోయిండ్రా? దాని ఇంజను మంచిగ చేసుకుంటిమి గద!"

"దాన్ని అమ్మిన."

"అమ్మిండ్రా! సగం ధరకా?"

"కోపం చేయకు. పెద్దదాన్ని చూస్తే మనసు ఆగలే."

"ఇంజను గుంజకుంటే పెద్ద తొట్టి ఎందుకని డంపర్ల గురించి మీరే అంటరు గద మామా!"

"అంట. గది బొగ్గు బాయిల ముచ్చట, ఇది ఆట."

"ఆటల గూడ గుట్ట గుట్టే!"

"అగో, మీ తమ్ముడు! వాడు గూడ నా లెక్క పెద్దదే కొన్నట్టుండు. గుట్ట నడుమ ఆగిపోయిండు."

"మంచిగైంది. ఇగ కొట్టుండ్రి!"

"గుండ్లు లేవు బిడ్డా. కొననీకి ఏం మిగల్లే."

వనితకు నవ్వు ఆగలేదు.

"ఫికర్ చేయకుండ్రి. నేను ఎనుక నుంచి వచ్చి వాన్ని కొడుత. మీరు మాత్రం జర కదలకుండ్రి."

"కదులుమన్నా కదలదమ్మా ఇది!"