నాగవేణి ఇంటి నీళ్ళు

నీళ్ళకు కటకటలాడే ఊరు బెళుగుప్ప. శ్రీరంగప్ప యాత్ర నుంచి తిరిగి వచ్చిన మరునాటి పొద్దున. అతని ఫోను భార్య వనజాక్షి చేతిలో ఉంది.

"ఇంగొకసారి చెప్పు. ఈ ఫొటోలో నీ పక్కనుండేది ఎవరు?"

"చెప్తి గదా మే. మేం దిగిన ఇంటామె."

"ఇంటామె అయితే నీ పక్కన నిలబడి ఎందుకు నగతాండాది?"

"ఫొటో తీస్తే ఎవరైనా నగుతారు."

"ఆమె నగితే నగనీ. నువ్వెందుకు నగతాండావు? ఇరవై రెండేండ్లాయ నిన్ను చేసుకొని. మన పెండ్లి ఫొటోలో కూడా శెనక్కాయలకు ధర పడిపోయినట్ల ముఖం పెట్టుకోనుండావు."

"ఆ పొద్దు ఎండ కండ్లలో పడిందిలే."

"మన ముహూర్తం రాత్రి మూడు గంటలకు!"

"అయితే ఫొటో లైటు పడిందేమోలే."

"పేరేమి?"

"ఎవురి పేరు?"

"మా అవ్వ పేరు! ఈమె పేరే."

"నాగ... నాగవేణో ఏమో."

"ఏమోనంట! మూడు దినాలు ఆమె వండింది తిని, ఏమోనంట! గోకర్ణం పోయి సముద్రంలో మునిగి రెండు దినాల్లో వచ్చేస్తామని పోతివి. ఐదు దినాలకా వచ్చేది?"

"జీపు తోలే ముత్యాలప్పే అటు తిప్పినాడు. సముద్రం పక్కన కొండల్లో ఒక ఊరుండాది, పైనుంచి నీళ్ళు దుముకుతాయి, చూసి పోదామనె. బస్సు కూడా పోదు ఆడికి. పోయినాక రాబుద్ది కాలేదు."

"నీళ్ళను చూసా, ఆమెను చూసా?"

"నీళ్ళనే మే! నీకెట్ల చెప్పల్ల... మూడు తాటిచెట్ల ఎత్తు నుంచి పడతాండాయి. పొద్దున పడతాండాయి, మాపు పడతాండాయి. పట్టుకునేవాళ్ళే లేరు."

"ఆమె ఉండాది గదా, పట్టుకునేదానికి. సరే, టవాలు యాడ?"

"ఏ టవాలు?"

"నేను మడిచి పెట్టి పంపించిన ఎర్రంచు టవాలు. ఫొటోలో నీ భుజం మింద లేదు. సంచిలో లేదు."

"పోయింది."

"యాడ పోయింది?"

"ఆడనే..."

"ఆడ అంటే?"

"నాగవేణి ఇంట్లో."

"ఓహో! ఇప్పుడు 'ఏమో' యాడికి పోయింది? పేరు నోట్లో బాగనే నానతాండాది."

"మే, గట్టిగ అరవద్దు. పక్కింట్లో కుళ్ళాయప్ప వింటాడు."

"విననీ. కట్టుకున్నోని టవాలు ఇంగొకామె ఇంట్లో ఎట్ల ఉండిపోతాదో ఆయప్ప కూడా విననీ."

"చెప్తా. నువ్వు నగకూడదు."

"నేను నగేటట్ల ఉండానా?"

"వాళ్ళ పెరట్లో ఒక పైపుండాది. కొండ మింద నుంచి నీళ్ళు దాంట్లో వస్తాయి. నేను పోయేపాటికి బుడబుడ కారిపోతాండాయి. కింద బిందె కూడా లేదు. ఎవరో కట్టేసేది మరిచిపోయినారనుకుంటి. తిప్పుదామని చూస్తే తిప్పేదే లేదు. నా ప్రాణం ఒప్పలేదు మే. టవాలు చుట్టి పైపులో కుక్కేస్తి."

"అయ్యో నీ తెలివి తెల్లారా!"

"వంటింటి కాడ అతుకు ఊడిపోయి ఇల్లంతా నీళ్ళు. ఆమె పరిగెత్తుకొని వచ్చి, నన్ను చూసి, నగి నగి కూలబడె. ఆ పైపుకు కట్టేసేదే ఉండదంట. ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచి పోతానే ఉండాదంట. ఆమెను చూసి నాకూ నగు వచ్చె. అప్పుడే ముత్యాలప్ప ఫొటో తీసె. టవాలు ఇల్లు తుడిచేదానికి పోయె. అంతే."

"అంతేనా?"

"సత్తెంగా."

"నాకు ఒళ్ళు మండతాండాది."

"ఇంగా ఎందుకు? ఆమెకు మనుమడు కూడా ఉండాడు మే!"

"ఆమె మింద కాదు. ఆమె పైపు మింద. నేను నాలుగు దినాలకొకసారి వచ్చే కొళాయికి కాపలా పడి, చెల్లెలు కాన్పుకు కూడా పోలేకపోతి. నన్నెందుకు పిలుచుకోని పోలేదు?"

"జీపులో తావు లేకపోయె."

"నీ జతగాడు తిప్పన్నకు ఉండె. తిప్పన్న వాళ్ళ మామకూ ఉండె."

"నువ్వూ వస్తే, కొళాయి కాడ ఎవరు..."

"ఆమె అడగలేదా, నీ పెండ్లాం ఎందుకు రాలేదని?"

"అడిగె."

"ఏం చెప్తివి?"

"ఏదో చెప్తి. ఆమెకు తెలుగు రాదు. నాకు కన్నడం అంతంతమాత్రం."

"నాకు బాగా వస్తాది. మా అమ్మ పుట్టినూరు పావగడ. ఇంత సేపూ నువ్వు ఎంత దాస్తావో చూద్దామని అడిగితి. పొద్దున నువ్వు పండుకోనుండంగా నీ ఫోన్లో నెంబరు చూసి, ఆమెతో మాట్లాడితి."

"ఎవురితో?"

"నాగవేణక్కతో. నువ్వు చెప్పిన పైపు కత అంతా నిజమే."

"చూస్తివా! నేను ముందే..."

"ఇంగొకటి కూడా చెప్పె ఆయక్క. 'నీకు నీళ్ళంటే భయమంట గదా తల్లీ, అందుకే రాలేదని మీ ఆయన చెప్పినాడు' అనె."

"అది... ఆ టైములో ఏం చెప్పల్లో తోచక..."

"రేపు తెల్లవారి నాలుగింటికి కొళాయి వస్తాది. ఎనిమిది బిందెలు, రెండు డ్రమ్ములు. నాకు నీళ్ళంటే భయం గదా, నువ్వే పట్టుకో. నేను ముత్యాలప్ప జీపులో నాగవేణక్క ఊరికి పోతాండా."